కాలేజీ తనకు తానే మార్కులు వేసుకుంటే? న్యాక్ గ్రేడ్ వెనుక ఉన్న ‘సెల్ఫ్ స్టడీ’ కథ ఇదీ..

కదిరి: ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు.. డిగ్రీ అడ్మిషన్ల హడావుడి మొదలవుతుంది. తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట, తలుపుల మండలాల నుంచి విద్యార్థులు, తల్లిదండ్రులు కదిరికి వచ్చి కాలేజీల చుట్టూ తిరుగుతుంటారు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద, ప్రాస్పెక్టస్ మొదటి పేజీలో ఓ మాట పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ‘న్యాక్ గుర్తింపు పొందిన కళాశాల’ అని. పక్కనే ఏ అనో, బీ++ అనో ఓ గ్రేడ్ ఉంటుంది.

ఈ గ్రేడ్ ఎవరో బయటి నుంచి వచ్చి వేసిన మార్కు అనే చాలామంది అనుకుంటారు. కానీ అసలు కథ అక్కడ మొదలవ్వదు. ముందుగా కాలేజీ గానీ, యూనివర్సిటీ గానీ తనను తానే పరీక్షించుకోవాలి. ఎక్కడ బాగున్నాం, ఎక్కడ వెనకబడ్డాం అన్నది ఐదేళ్ల లెక్కలతో సహా రాసివ్వాలి. ఆ తర్వాతే బయటివాళ్లు వచ్చి చూస్తారు. మరి ఈ స్వీయ మదింపు ఎలా జరుగుతుంది? దాంతో విద్యార్థికి ఒరిగేదేంటి? ఇందులో మీ పాత్ర ఎంత? ఇప్పుడు తెలుసుకుందాం.

వేరుశనగ రైతు చేసే పనే ఇది

కదిరి ప్రాంతంలో ఈ విషయం అర్థం చేసుకోవడం చాలా తేలిక. వేరుశనగ రైతు పంట పీకడానికి ముందు పొలంలో అక్కడో చెట్టు, ఇక్కడో చెట్టు పీకి చూస్తాడు. కాయలు ఎన్ని పట్టాయి, గింజ నిండిందా లేదా అని లెక్క చూసుకుంటాడు. ఊళ్లో చెప్పుకోవడానికి కాదు.. ఇప్పుడు ఏం చేయాలో తేల్చుకోవడానికి. బాగా కాసిన చెట్లు మాత్రమే ఏరి చూసుకుంటే నష్టపోయేది ఆ రైతే.

కదిరిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం చేసేదీ ఇలాంటి పనే. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేసే ఈ కేంద్రం నుంచే కదిరి-6 లాంటి వేరుశనగ రకాలు వచ్చాయి. ఇక్కడి శాస్త్రవేత్తలు బాగుందన్నంత మాత్రాన కొత్త రకం రైతు చేతికి రాదు. ముందు సొంత పొలంలో పరీక్ష. ఆ తర్వాత వేరే చోట్ల, వేరేవాళ్ల పర్యవేక్షణలో పరీక్ష. రెండూ దాటాలి.

విశ్వవిద్యాలయాల నాణ్యత మదింపు కూడా సరిగ్గా ఈ రెండు మెట్ల మీదే నిలబడింది. మొదటిది సొంత లెక్క. రెండోది బయటివారి తనిఖీ. మొదటి మెట్టులో అబద్ధం ఉంటే రెండో మెట్టు ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

న్యాక్ అంటే ఏంటి? ఎప్పుడొచ్చింది?

నేషనల్ అసెస్‌మెంట్ అండ్ అక్రెడిటేషన్ కౌన్సిల్.. దీన్నే పొట్టిగా న్యాక్ అంటారు. 1986 జాతీయ విద్యా విధానం ఉన్నత విద్యలో నాణ్యత గురించి ప్రస్తావించింది. దానికి కొనసాగింపుగా 1994లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం.. అంటే యూజీసీ.. ఈ సంస్థను ఏర్పాటు చేసింది. ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉంది.

కదిరి విద్యార్థులకు దీనితో సంబంధం రెండు రకాలుగా ఉంటుంది. కదిరిలోని ఎస్‌టీఎస్‌ఎన్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలతో పాటు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు డిగ్రీ కాలేజీలు కూడా అనంతపురంలోని శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పరిధిలోకే వస్తాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ సెంటర్‌గా మొదలై, 1981లో సొంతంగా విశ్వవిద్యాలయమైన సంస్థ అది.

అంటే కదిరిలో చదివే విద్యార్థికి పాఠం చెప్పేది ఇక్కడి కాలేజీ. సర్టిఫికెట్ ఇచ్చేది సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న యూనివర్సిటీ. న్యాక్ ముందు కాలేజీ వేరుగా, యూనివర్సిటీ వేరుగా తమ నివేదికలు పెట్టుకోవాలి. విద్యార్థి మాత్రం రెండింటి మీదా ఆధారపడతాడు.

ఏడు అంశాలు.. వెయ్యి మార్కులు

2017 జులైలో న్యాక్ తన పద్ధతిని బాగా మార్చింది. ఈ పద్ధతిలో సంస్థ తనను తాను ఏడు అంశాల్లో చూసుకోవాలి. మొత్తం మార్కులు 1000. విశ్వవిద్యాలయాలకు ఆ పంపకం ఇలా ఉంటుంది.

1. పాఠ్యప్రణాళిక - 150

2. బోధన, అభ్యసన, మూల్యాంకనం - 200

3. పరిశోధన, ఆవిష్కరణలు, సమాజ సేవ - 250

4. భవనాలు, ల్యాబ్‌లు, లైబ్రరీ లాంటి వసతులు - 100

5. విద్యార్థులకు అండ, చదువు తర్వాత పురోగతి - 100

6. పాలన, నాయకత్వం, నిర్వహణ - 100

7. సంస్థ విలువలు, మంచి పద్ధతులు - 100

యూనివర్సిటీకి అన్నింటికంటే ఎక్కువ మార్కులు పరిశోధనకే. కానీ కదిరి లాంటి ఊళ్లలోని అనుబంధ డిగ్రీ కాలేజీల విషయంలో లెక్క మారిపోతుంది. వాటికి బోధన, మూల్యాంకనానికే 350 మార్కులు. పరిశోధనకు 110 నుంచి 120 వరకే. డిగ్రీ కాలేజీ అసలు పని క్లాసులో పాఠం చెప్పడమే అన్నమాట.

అందుకే ఓ యూనివర్సిటీ గ్రేడ్‌ను, ఓ డిగ్రీ కాలేజీ గ్రేడ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. రెండింటికీ పెట్టిన పరీక్షే వేరు.

వచ్చిన స్కోర్‌ను 4 పాయింట్లకు లెక్కగడతారు. 3.51 పైన వస్తే ఏ++. 3.26 నుంచి 3.50 వరకు ఏ+. 3.01 నుంచి 3.25 వరకు ఏ. ఆ కింద బీ++, బీ+, బీ, సీ. 1.50, అంతకంటే తక్కువ వస్తే డీ.. అంటే గుర్తింపు లేనట్టే. గుర్తింపు మామూలుగా ఐదేళ్లు ఉంటుంది.

ఈ నివేదిక ఎవరు రాస్తారు?

ప్రతి సంస్థలోనూ ఇంటర్నల్ క్వాలిటీ అష్యూరెన్స్ సెల్ అని ఒకటి ఉండాలి. కాలేజీల్లో దీన్ని ఐక్యూఏసీ అని పిలుస్తారు. యూనివర్సిటీలో వైస్ ఛాన్సలర్, కాలేజీలో ప్రిన్సిపాల్ దీనికి అధ్యక్షులు. ఓ సీనియర్ అధ్యాపకుడు సమన్వయకర్తగా ఉంటారు.

చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది. ఈ సెల్‌లో అధ్యాపకులు మాత్రమే ఉండరు. విద్యార్థుల ప్రతినిధి, పూర్వ విద్యార్థి, స్థానిక సమాజం నుంచి ఒకరు, ఉద్యోగాలిచ్చే సంస్థలు లేదా పరిశ్రమల తరఫున ఒకరు కూడా ఉండాలి. కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. ఏం మాట్లాడుకున్నారు, గత సమావేశంలో అనుకున్నది చేశారా లేదా అన్న వివరాలు రికార్డు చేసి వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఈ సెల్ రెండు రకాల నివేదికలు తయారు చేస్తుంది. ఒకటి ప్రతి ఏడాదీ పంపే వార్షిక నాణ్యతా నివేదిక. దాన్ని ఏక్యూఏఆర్ అంటారు. రెండోది గుర్తింపు కోసం వెళ్లేటప్పుడు ఇచ్చే పెద్ద నివేదిక. అదే సెల్ఫ్ స్టడీ రిపోర్ట్, అంటే ఎస్‌ఎస్‌ఆర్. ఏటా నివేదిక నిజాయితీగా రాసుకుంటూ వస్తే ఐదో ఏడాది పెద్ద నివేదికకు కంగారు పడాల్సిన పనే లేదు. లేదంటే చివరి ఆరు నెలల్లో పాత ఫైళ్ల కోసం వెతుకులాట తప్పదు.

గ్రేడ్ వచ్చేదాకా ఏం జరుగుతుంది?

మొదట సంస్థ తన అర్హత వివరాలతో దరఖాస్తు పెట్టుకుంటుంది. న్యాక్ ఒప్పుకుంటే ఎస్‌ఎస్‌ఆర్ ఆన్‌లైన్‌లో సమర్పించాలి. అందులో కొన్ని అంకెలతో చెప్పాల్సినవి, కొన్ని మాటల్లో వివరించాల్సినవి.

ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని భర్తీ అయ్యాయి? రెగ్యులర్ అధ్యాపకుల్లో పీహెచ్‌డీ ఉన్నవారు ఎంతమంది? ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పై చదువులకు వెళ్లారు? ఇలాంటివన్నీ అంకెలు. ప్రతి అంకెకూ ఆధారం జత చేయాలి. ఆ ఆధారాలను డేటా వ్యాలిడేషన్ అండ్ వెరిఫికేషన్.. డీవీవీ.. అనే దశలో బయటివారు సరిచూస్తారు.

2017 పద్ధతిలో సుమారు 70 శాతం మదింపు ఈ అంకెల మీదే జరుగుతుంది. మిగతాది పీర్ టీమ్ వచ్చి చూసి వేస్తుంది. పీర్ టీమ్ అంటే వేరే విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే ప్రొఫెసర్ల బృందం. రెండు మూడు రోజులు ఉండి క్లాసులు, ల్యాబ్‌లు, రికార్డులు చూస్తారు. విద్యార్థులతో, తల్లిదండ్రులతో, పూర్వ విద్యార్థులతో మాట్లాడతారు.

దీనికి తోడు విద్యార్థి సంతృప్తి సర్వే ఉంటుంది. సంస్థ ఇచ్చిన జాబితాలోని విద్యార్థులకు న్యాక్ నేరుగా మెయిల్ ద్వారా ప్రశ్నలు పంపుతుంది. సిలబస్ ఎంతవరకు పూర్తి చేశారు, సార్లు ప్రిపేర్ అయి వస్తున్నారా, ఇంటర్నల్ మార్కులు న్యాయంగా వేస్తున్నారా లాంటి ప్రశ్నలుంటాయి. కాలేజీ అయితే 10 శాతం మంది లేదా 100 మంది, యూనివర్సిటీ అయితే 10 శాతం మంది లేదా 500 మంది.. ఏది తక్కువైతే అంతమంది జవాబివ్వాలి. అంటే అడ్మిషన్ ఫారంలో మీరు ఇచ్చిన మెయిల్ ఐడీకి ఎంత విలువుందో చూడండి. నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఐడీ రాసేస్తే ఆ ప్రశ్నలు మీ దాకా రానే రావు.

నాలుగే నాలుగు ప్రశ్నలు

ఇదంతా మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. యూరప్‌లో విశ్వవిద్యాలయాల సంఘం 1994 నుంచి ఓ మదింపు కార్యక్రమం నడుపుతోంది. అక్కడ ర్యాంకులు, గ్రేడ్లు ఇవ్వరు. సంస్థ ముందుగా తన స్వీయ నివేదిక రాసుకోవాలి. అందుకోసం నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నారు. ఈ సంస్థ ఏం చేయాలనుకుంటోంది? దాన్ని ఎలా చేస్తోంది? చేస్తున్నది ఫలిస్తోందని ఎలా తెలుస్తోంది? బాగుపడటానికి ఎలా మారుతోంది?

మన ఏడు అంశాలనూ చివరికి ఈ నాలుగు ప్రశ్నల్లో ఇరికించొచ్చు. మొదటి రెండింటికీ జవాబు రాయడం ఎవరికైనా తేలికే. కష్టమంతా మూడు, నాలుగుల దగ్గరే.

ఓ ఉదాహరణ చూద్దాం. పరీక్షల ఫలితాలు ఆలస్యమవుతున్నాయని అనుకుందాం. పీజీ సీటు కోసమో, ఉద్యోగం కోసమో ఎదురుచూసే విద్యార్థికి ఇది పెద్ద దెబ్బ. విశ్వవిద్యాలయాల ఎస్‌ఎస్‌ఆర్‌లో దీనికి నేరుగా ఓ ప్రశ్న ఉంది. చివరి పరీక్ష రోజు నుంచి ఫలితాలు వచ్చే రోజు వరకు సగటున ఎన్ని రోజులు పడుతోంది అని. ఐదేళ్ల లెక్క ఇవ్వాలి.

ఆ అంకె నింపి పంపేస్తే అది కేవలం రిపోర్ట్. అలా కాకుండా ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూడాలి. జవాబు పత్రాలు సెంటర్ల నుంచి రావడంలోనా? దిద్దేవాళ్లు చాలకనా? మార్కులు కంప్యూటర్‌లోకి ఎక్కించడంలోనా? కారణం దొరికితే బాధ్యత ఒకరికి అప్పగించి, తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ రోజులు లెక్కపెట్టాలి. తగ్గితే పని జరిగినట్టు. తగ్గకపోతే ఎంచుకున్న దారి తప్పినట్టు. ఇదే అసలైన స్వీయ మదింపు.

లైబ్రరీ విషయమూ అంతే. పుస్తకాలెన్ని ఉన్నాయన్నది ఒక్కటే లెక్క కాదు. రోజుకు ఎంతమంది వస్తున్నారన్నది కూడా అడుగుతారు. బీరువా నిండా పుస్తకాలుండి, తాళం తీసేవాళ్లు లేకపోతే ఆ రెండో అంకె అసలు సంగతి బయటపెట్టేస్తుంది. వాన నీటిని ఒడిసిపట్టే ఏర్పాట్లు, దివ్యాంగులకు ర్యాంపులు, టాయిలెట్లు ఉన్నాయా అన్నదీ ఏడో అంశంలో భాగమే. వానలు అంతంత మాత్రంగా పడే మన ప్రాంతంలో మొదటిది మార్కుల కోసం చేసే పని కాదు, అవసరం కోసం చేసే పని.

గాడి తప్పేది ఎక్కడ?

ఎస్‌ఎస్‌ఆర్‌లో బలాలు, బలహీనతలు, అవకాశాలు, సవాళ్లు అని ఓ భాగం ఉంటుంది. బలాల దగ్గర పేజీలు నింపేసి, బలహీనతల దగ్గరికి వచ్చేసరికి రెండు మెత్తటి వాక్యాలతో సరిపెట్టేస్తే మొత్తం కసరత్తు వృథా అయినట్టే. ఖాళీ పోస్టుల గురించి, నడవని ల్యాబ్ గురించి రాస్తే గ్రేడ్ తగ్గుతుందేమోనన్న భయం సహజం. కానీ రాయని జబ్బుకు మందు దొరకదు కదా!

ఈ భయమే ముదిరితే ఎక్కడికి దారి తీస్తుందో చూపించే ఉదంతం మన రాష్ట్రంలోనే ఉంది. 2025 ఫిబ్రవరిలో సీబీఐ ఓ కేసులో 10 మందిని అరెస్ట్ చేసింది. గుంటూరు ప్రాంతంలోని ఓ ప్రైవేటు విద్యాసంస్థకు ఏ++ గ్రేడ్ ఇచ్చేందుకు లంచాలు చేతులు మారాయన్నది అందులో ఆరోపణ. అరెస్టయిన వారిలో న్యాక్ తనిఖీ బృందం ఛైర్మన్, సభ్యులు కూడా ఉన్నారు. ఆరోపణల్లో నిజమెంత అన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. కానీ ఒక్క ప్రశ్న మాత్రం దేశమంతా వినిపించింది.. గేటు మీద కనిపించే అక్షరాన్ని ఎంతవరకు నమ్మాలి?

దీనికి జవాబు గ్రేడ్‌ను పూర్తిగా కొట్టిపారేయడం కాదు. గ్రేడ్ వెనకున్న నివేదికను తీసి చూడటం.

గ్రేడ్ వస్తే ఏంటి.. రాకపోతే ఏంటి?

సంస్థలు దీని కోసం ఇంత తాపత్రయపడటానికి కారణాలున్నాయి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీకి స్వయంప్రతిపత్తి కావాలంటే న్యాక్‌లో కనీసం ఏ గ్రేడ్ గానీ, నిర్ణీత సంఖ్యలో కోర్సులకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉండాలి. స్వయంప్రతిపత్తి వస్తే సిలబస్, పరీక్షలు కాలేజీయే చూసుకోవచ్చు.

దూరవిద్య సంగతీ ఇంతే. 2020 యూజీసీ నిబంధనల ప్రకారం యూనివర్సిటీ దూరవిద్య కోర్సులు నడపాలంటే న్యాక్ స్కోర్ కనీసం 3.01 ఉండాలి. లేదంటే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో చోటుండాలి. ఉద్యోగం చేసుకుంటూనో, పెళ్లయ్యాకనో డిగ్రీ పూర్తి చేయాలనుకునే వారికి దీని ప్రభావం నేరుగా ఉంటుంది. యూనివర్సిటీ స్కోర్ తగ్గితే ఇంటి దగ్గరుండి చదువుకునే దారి మూసుకుపోవచ్చు.

మారుతున్న పద్ధతి

గ్రేడ్ల గోల తగ్గించాలన్న ఆలోచన పై స్థాయిలోనూ వచ్చింది. ఇస్రో మాజీ ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ నేతృత్వంలో కేంద్రం ఓ కమిటీ వేసింది. ఆ సిఫారసుల ఆధారంగా 2024 జనవరిలో న్యాక్ రెండు మార్పులు ప్రకటించింది.

మొదటిది.. ఏ, బీ అన్న అక్షరాల బదులు గుర్తింపు ఉంది, గుర్తింపు కోసం వేచి ఉంది, గుర్తింపు లేదు అని మాత్రమే చెప్పడం. రెండోది.. గుర్తింపు పొందిన సంస్థలు 1 నుంచి 5 వరకు లెవల్స్‌లో పైకి వెళ్లే అవకాశం. తనిఖీ బృందాలు తిరగడం తగ్గించి, సంస్థలిచ్చే డేటా మీదే ఎక్కువగా ఆధారపడాలన్నది ఇందులోని ఉద్దేశం.

దీంతో తేలేదొక్కటే. పేరు మారినా, అక్షరం పోయి లెవల్ వచ్చినా పునాది మాత్రం సంస్థ ఇచ్చే సొంత లెక్కే. బయటి నుంచి వచ్చి చూసేవాళ్లు తగ్గేకొద్దీ ఆ లెక్కలో నిజాయితీకి విలువ మరింత పెరుగుతుంది. లోపల ఉండేవాళ్లు, అంటే అధ్యాపకులు, విద్యార్థులు, ఊరి జనం చూసే చూపు మరింత ముఖ్యమవుతుంది.

కదిరి విద్యార్థులు, తల్లిదండ్రులు ఏం చూడాలి?

కాలేజీలో చేరే ముందు, చేరాక ఈ ఆరు విషయాలు చూసుకుంటే మంచిది.

1. గ్రేడ్ ఎప్పుడొచ్చింది, గడువు ఎప్పటివరకు ఉందో అడగండి. గడువు దాటిన గ్రేడ్ ఫ్లెక్సీ మీద ఉన్నా ఉపయోగం లేదు.

2. న్యాక్ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొట్టి గ్రేడ్ సరిచూసుకోండి.

3. కాలేజీ వెబ్‌సైట్‌లో ఐక్యూఏసీ పేజీ తెరిచి చివరి వార్షిక నివేదిక ఏ ఏడాదిదో చూడండి. రెండు మూడేళ్లుగా కొత్తది లేదంటే స్వీయ మదింపు ఆగిపోయిందేమో అడగాలి.

4. మంజూరైన పోస్టులెన్ని, రెగ్యులర్ అధ్యాపకులెంతమంది అన్న పట్టిక చూడండి. మీ గ్రూపు సబ్జెక్టులకు సార్లున్నారో లేదో అక్కడ తెలిసిపోతుంది.

5. సర్వే మెయిల్ వస్తే ఎవరో చెప్పినట్టు కాకుండా మీకు అనిపించింది రాయండి. ఎవరూ పక్కన కూర్చుని మీ చేత నింపించకూడదు.

6. ఐక్యూఏసీలో విద్యార్థి ప్రతినిధి ఎవరో కనుక్కోండి. బస్సు టైమింగ్స్‌కు క్లాసులు కుదరకపోయినా, ల్యాబ్ నడవకపోయినా ఆ సమావేశంలో మాట్లాడే హక్కు ఆ సీటుకు ఉంది. పూర్వ విద్యార్థులు, స్థానిక వ్యాపారులు కూడా తమ సీటు ఖాళీగా ఉందేమో చూసుకోవచ్చు.

చివరిగా..

పీర్ టీమ్ వస్తుందంటే గోడలకు రంగులు పడతాయి, మొక్కలు నాటతారు. వాళ్లు వెళ్లిపోయాక ఆ మొక్కలకు నీళ్లు పోసేదెవరన్నదే అసలు ప్రశ్న. ఓ సంస్థ తన బలహీనతను తన నోటితో చెప్పుకుని, వచ్చే ఏడాదికి దాన్ని ఎంత సరిదిద్దుకుందో అదే నివేదికలో చూపించగలిగితే ఆ గ్రేడ్‌కు అర్థం ఉంటుంది. అడ్మిషన్ కోసం కాలేజీ గేటు దగ్గర నిలబడ్డప్పుడు ఫ్లెక్సీ మీద అక్షరం చూసి ఆగిపోకండి. ఈ ఏడాది నివేదికలో మీరు ఒప్పుకున్న లోపం ఏంటి, దానికి ఏం చేశారు అని ఒక్క మాట అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే ఆ కాలేజీ ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.